ఛద్మచరుడు: ఒక ప్రాతమాట

గడచిన యాషాఢమాసమున తిరుత్తణి సమీపగ్రామమునుండి యొక వృద్ధుడు నన్ను వెదకికొనుచు వచ్చెను. మరమగ్గముపై నేతనేసి బ్రతుకువాడు. ఇంట తెలుగును, బజారున అరవమును మాటలాడువాడు. అతని కుమార్తెకు జ్వరము తగిలినది. గ్రామములో పలక కట్టుకొనియున్న యొక 'డాక్టరు' మూడుదినములు సూదిమందు లిచ్చెను. నాలవదినమున సీసానుండి నీరెక్కించెను. ఐదవదినమున పట్టణమునకు గొనిపొండని చెప్పి తలుపు వేసికొనెను. పెద్దాసుపత్రి చేరులోపలనే యామె ప్రాణములు పోయినవి. ఆ పలకవానికి వైద్యవిద్యలో నేపట్టమును లేదని పిమ్మట తెలిసినది.

అర్జీ వ్రాయుటకు నేను కలము తీసితిని. వృద్ధుడు కొంతసేపు మాటలాడకుండి యిట్లనెను: "అయ్యా, ఆయన అర్ధరాత్రి పిలిచినా వచ్చేవాడు. డబ్బుకోసం ఎవరినీ పీడించలేదు. ఊళ్లో అందరం ఆయన్ను డాక్టరనే పిలిచాము. ఇప్పుడీ కాగితంలో ఆయన్ను ఏమని రాస్తారు?"

ఇరువదియేండ్లుగా న్యాయస్థానములలో నల్లకోటు ధరించి తిరుగుచున్న నాకు ఈ ప్రశ్నకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. శాసనము మనకొక సెక్షను నిచ్చును, పేరు నీయదు. 'డాక్టరు' అని వ్రాసినచో అబద్ధమగును. 'మోసగాడు' అని వ్రాయుటకు వృద్ధుని మనసొప్పకుండెను. 'నాటువైద్యుడు' అందమన్న, అతడు నాటుమం దొక్కటియు నియ్యలేదు. ఇచ్చినవన్నియు అంగడిలో కొన్న ఇంగ్లీషుమందులే. ఇట్టివానికి మన పెద్ద లేమిపేరు పెట్టిరి? ఇతరదేశముల వా రేమిపేరు పెట్టిరి? ఆ పేళ్లలో వారు గుర్తించిన దోష మేది? ఈ విచారణ కేవలము నిఘంటుపండితుల వినోదము కాదు. దోషమునకు సరియైన పేరు పెట్టినగాని దానికి సరియైన మందు దొరకదు.

వృద్ధుడు వచ్చిన రైలుదారిలోనే తిరువళ్ళూరు కలదు. అచ్చటి దేవుని పేరే వైద్యవీరరాఘవస్వామి. అమావాస్యదినములలో చెన్నపట్టణమునుండియు చిత్తూరుసీమనుండియు యాత్రికులు గుంపులుగా వచ్చి హృత్తాపనాశినియను కోనేటిలో బెల్లము వేసి, అది కరగినట్లే తమ వ్యాధియు కరగవలెనని వేడుకొందురు. ఊరిపేరు పుట్టుటకు స్థలపురాణ మొక కథ చెప్పును. శాలిహోత్రుడను ఋషి వ్రతముండి, వృద్ధవేషమున వచ్చిన యతిథికి తన యన్నమంతయు పెట్టెను. భుజించిన వృద్ధుడు "పరుండుటకు చోటెక్కడ?" అని యడిగెనట. ఆ ప్రశ్నయే అరవమున 'ఎవ్వుళ్' అయి, తిరు చేరి తిరువెవ్వుళూరై, తుదకు తిరువళ్ళూరైనదని చెప్పుదురు. సంస్కృతమున 'కింగృహము' అనుటయు దీనినిబట్టియే. వైద్యునిపేరు దాల్చిన దేవుడు ఆ యూరికి మొదట రోగివలె వచ్చి చోటడిగెనను భావము మనసున నుంచుకొనదగినది.

శాలిహోత్ర నామము వైద్యచరిత్రలోను కలదు. అశ్వవైద్యమునకు మూలపురుషుడుగా శాలిహోత్రుని చెప్పుదురు. ఆ శాస్త్రమునకే శాలిహోత్రమని పేరు వచ్చినది. స్థలపురాణమునందలి ఋషియు నతడును ఒక్కరేయని నేను వాదింపబోను; నాకు కావలసినది ఆ పేరు పొందిన గతి మాత్రమే. ఉత్తరదేశమున నది 'సలోత్రి'యై గుఱ్ఱముల వైద్యునకు సామాన్యనామమైనది. కుంపిణీవారి కాలమున ఆంగ్లేయులు దానిని తమ నోటికి తగినట్లు మార్చుకొని దండులలోని దేశీయ అశ్వవైద్యుని కుపయోగించిరి. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోను ఆ మాట చేరినది. ఋషినామము లాయపుపనివాని పేరైనది. మాటలకు అధోగతి కలుగుట యిట్లే. తాను చేయుపని చక్కగా నెఱిగిన సలోత్రికి అందు అవమానమేమియు లేదు. అవమానమంతయు ఎఱుగని పనిని ఎఱిగినట్లు నటించువానిదే.

ఆంగ్లమున ఇట్టి నటకునకు 'క్వాక్' అని పేరు. ఇది డచ్చిభాషనుండి వచ్చిన 'క్వాక్‌సాల్వర్' అను మాటకు కుఱుచరూపము. మొదటిభాగమునకు బాతువలె అఱచుట, గొప్పలు చెప్పుకొనుట యని యర్థము, రెండవభాగమునకు పూతమందు. పూతమందును గూర్చి వీథిలో అఱచువాడని తాత్పర్యము. పదునారవ శతాబ్దాంతమున ఆంగ్లమునకు వచ్చిన యీ మాటకు తోక తెగి, పదునేడవ శతాబ్దమున అఱపు మాత్రమే మిగిలెను. సుఖరోగములకు పాదరస మిచ్చు వైద్యులు నాడు ఐరోపాలో విస్తారముగా నుండుటచే, ఈ మాట పాదరసమునుండియే పుట్టినదని కొందఱు భ్రమపడిరి. వినసొంపుగా నున్నను అది సరియైన వ్యుత్పత్తి కాదు.

ఇటలీదేశమున పుట్టిన మాటలు రెండు. 'మౌంటిబాంక్' అనగా బల్లయెక్కువాడు. సంతలో బల్లయెక్కి మందుల నమ్మువాడు. 'షార్లటన్' అనగా వదరుబోతు. ఇందు వదరుట యను ధాతువుతోపాటు చెఱ్ఱెతో అను గ్రామనామమును కలిసినదని పండితుల మతము. ఆ గ్రామస్థులు ఊరూర తిరిగి సరకు లమ్ముటలో పేరుపడినవారు. పాపము, ఎవరో కొందఱు చేసిన పనికి ఒక యూరిపేరంతయు తిట్టుగా మారెను.

ఈ మూడుమాటలను తూచి చూచినచో ఒక విశేషము కనబడును. ఒకటి అఱపును, ఒకటి బల్లను, ఒకటి వదరును పట్టుకొన్నవి. మందు మంచిదా చెడ్డదా యని యేమాటయు నడుగలేదు. సంతలో నిలిచిన సామాన్యునకు మందుగుణము తెలియదు. వానికి కనబడునది మనుష్యుని నడవడి మాత్రమే. కావున ఆ నడవడినే పేరుగా పెట్టెను.

మన చరకుడు ఇంకను లోతునకు పోయెను. చరకసంహిత సూత్రస్థానమున పదునొకండవ యధ్యాయములో వైద్యులు మూడుతెగలుగా చెప్పబడిరి. మొదటివాడు ఛద్మచరుడు. ఛద్మమనగా కప్పు, మాఱువేషము. తలపై పట్టుకొను ఛత్రమునకును, శరీరమును కప్పు ఆచ్ఛాదనమునకును మూలమైన ధాతువే దీనికిని మూలము. కప్పుచాటున సంచరించువాడు ఛద్మచరుడు. వైద్యుని పాత్రలు, మందులు, చూపులు, హంగులు చూపి వైద్యుడను పేరు సంపాదించుకొనును. రెండవవాడు సిద్ధసాధితుడు. విద్యావంతులై కీర్తిగన్న వైద్యుల పేరు చెప్పుకొని, వారితో తనకు లేని సంబంధమును కల్పించుకొని బ్రతుకువాడు. మూడవవాడే నిజమైన వైద్యుడు.

ఇరువదితొమ్మిదవ యధ్యాయమున చరకుడు ఈ నటకులకు 'రోగాభిసరులు' అని పేరుపెట్టెను. ప్రాణమునకు తోడుపడువాడు ప్రాణాభిసరుడు. రోగమునకు తోడుపడువాడు రోగాభిసరుడు. ఇచ్చట నతడు చిత్రించిన మనుష్యుని చూచినచో నిన్న మన వీథిలో నడచిన వానివలె నుండును. వైద్యవేషము దాల్చి రోగులకొఱకు వీథులు తిరుగును. ఫలానివానికి జబ్బని వినగానే పరుగెత్తి, అచ్చటివారి చెవినపడునట్లు తన గుణములను చెప్పుకొనును. అంతకుముందు చూచుచున్న వైద్యుని తప్పు లెన్నును. రోగి బంధుమిత్రులను సేవలతో వశపఱచుకొనును. తనకు స్వల్పమే చాలుననును. రోగము కుదరకున్న రోగికి పథ్యము లేదనియు, పరిచారకులు లేరనియు నేరము వారిమీదనే త్రోయును. చావు దగ్గఱకు వచ్చెనని తెలియగానే వేఱొకచోటికి తప్పుకొనును. అడవిలో పక్షులకు వల పన్ను వేటకానితో చరకుడు వీనిని పోల్చెను.

నేనీ వర్ణనను వృద్ధునకు తెలుగున చదివి వినిపించితిని. ఆతడు తలవంచుకొని వినెను. 'స్వల్పమే చాలుననును' అనుచోట తలయెత్తెను. ఛద్మచరుడన్న మాటకు అర్థమడిగి, నేను చెప్పిన పిమ్మట, "అంటే వేషగాడా అయ్యా?" అనెను. ఔనంటిని. "మా ఊరి వీథినాటకంలో వేషగాడు తెల్లవారితే రంగు కడుక్కుంటాడు. ఈయన కడుక్కోలేదు" అనెను. ఇంతకంటె మంచి వ్యాఖ్యానము నాకు ఏ టీకలోను కనబడలేదు.

తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతములలో వైద్యులను గూర్చి చెప్పుకొను అరవసామెత యొకటి కలదు: "ఆయిరం పేరైక్ కొన్ఱవన్ అరై వైత్తియన్". వేయిమందిని చంపినవాడు సగము వైద్యుడని దీని భావము. ఇది నిందకాదనియు, 'పేర్' అనునది 'వేర్' అను మాటకు చెడినరూపమనియు, వేయివేళ్ల నెఱిగినవాడే సగము వైద్యుడగునని మొదటి భావమనియు కొందఱు సవరింతురు. అరవమున వేర్ అనునదియు మన తెలుగున వేరు అనునదియు ఒక్కటే గనుక ఈ సవరణ మనకు వెంటనే రుచించును. కాని సాక్ష్యము విచారింపవలసినవాడు రుచినిబట్టి తీర్పు చెప్పరాదు. సంస్కృతమున శతమారి, సహస్రమారి యను మాటలతో ఇదే పరిహాసము కలదు. అచ్చట వేళ్ల ప్రసక్తియే లేదు. కావున చంపుటను గూర్చిన హాస్యము స్వతంత్రముగనే ప్రచారములో నుండెననియు, వేళ్లకథ వైద్యులపక్షమున పిమ్మట వచ్చిన సమర్థనమనియు తోచుచున్నది. అయినను రసశాస్త్రమున లోహములను భస్మముచేయుటకు 'మారణము' అనియే పేరు. నూఱు భస్మములు చేసినవాడు శతమారి యని వైద్యులు వాదించినచో నే నాక్షేపింపను. అదియు నొక ఊహయే. ఏది మొదటిదైనను సామెత చెప్పు సత్యమొక్కటి: వైద్యుడగుటకు దీర్ఘాభ్యాసము కావలెను. ఆ యభ్యాసము ఎవరి శరీరముమీద జరుగుననునదే ప్రశ్న.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. పట్టము లేనివా రందఱును ఛద్మచరులు కారు. తిరుత్తణికి ఉత్తరమున, సరిహద్దు కావల, పుత్తూరు కలదు. అచ్చట నొక కుటుంబమువారు తరతరములుగా విఱిగిన యెముకలకు కట్లు కట్టుచున్నారు. ఆకుపసరు, గ్రుడ్డుసొన, వెదురుబద్దలు, గుడ్డ. ఇవియే వారి సాధనములు. చెన్నపట్టణమునుండియు రోగులు వారికడకు పోవుట పాఠకులలో పలువు రెఱుగుదురు. వారు తాము చేయుపనిని దాచరు. తాము శస్త్రచికిత్సాపండితులమని చెప్పుకొనరు. కావున ఛద్మచరుడను పేరు వారికి తగదు. కాని 'పుత్తూరు కట్టు' అను పలక నేడు తమిళనాట ఊరూరను వ్రేలాడుచున్నది. ఆ పలకలన్నిటి క్రింద కూర్చున్నవారు పుత్తూరున విద్య నేర్చినవారేనా? చెయ్యి విఱిగిన బిడ్డను భుజముపై వేసికొని వచ్చిన తండ్రి ఈ సంగతి నెట్లు తెలిసికొనగలడు? కట్టు అతిగా బిగిసి రక్తప్రసారము నిలిచినచో అవయవమే కుళ్లునని వైద్యశాస్త్రము హెచ్చరించుచున్నది. సిద్ధసాధితుడని చరకుడు వేఱుగా నొకతెగ నేల చెప్పెనో ఇప్పుడు తెలియును. పరుని కీర్తియు ఒక కప్పే.

ఇక శాసనమునకు వత్తము. మన ప్రాచీనులు ఈ విషయమున మెత్తనివారు కారు. ప్రాణాపాయకరమైన వ్యాధికి అధికారులకు తెలుపక చికిత్సచేసిన వైద్యుని చేతిలో రోగి మరణించినచో ప్రథమసాహసదండమును, చికిత్సాదోషముచే మరణించినచో మధ్యమసాహసదండమును కౌటిల్యుడు విధించెను. మిథ్యాచికిత్స పశువులయెడ జరిగిన తక్కువదండన, మనుష్యులయెడ జరిగిన ఎక్కువదండన యని మనువు చెప్పెను. సుశ్రుతుడు వైద్యుడు శాస్త్రము చదివి, కర్మ చూచి, చేసి, రాజానుజ్ఞ పొందిన పిమ్మటనే వృత్తిలో ప్రవేశింపవలెననెను. శాస్త్రము మాత్రమే యెఱిగినవాడును, చేతిపని మాత్రమే యెఱిగినవాడును ఒంటిరెక్క పక్షులవంటివారని యతని యభిప్రాయము. నేటి రిజిష్టరీ పద్ధతికి బీజ మిందే కలదు.

ఆంగ్లదేశ చరిత్ర ఇంకొక పాఠము చెప్పును. లండనులోని వైద్యుల కళాశాల 1518లో రాజపత్రము పొందినది. వృత్తి కంచె కట్టుకొన్నది. కాని పాతికేండ్లు తిరుగక మునుపే, మూలికల గుణ మెఱిగి బీదలకు పుండ్లు మొదలగువానికి మందిచ్చువారిని శస్త్రవైద్యులు వ్యాజ్యములతో బాధింపరాదని ఎనిమిదవ హెన్రీ కాలమున పార్లమెంటు 1543లో వేఱొక శాసనము చేయవలసివచ్చినది. డబ్బులేనివారిని తాము చూడక, చూచువారిని చూడనీయక శస్త్రవైద్యులు వేధించుచున్నారని యా శాసనమే యాక్షేపించెను. వృత్తివారు కోపించి దానికి 'క్వాకుల సనదు' అని యెగతాళిపేరు పెట్టిరి. ఒకరికి దయాధర్మము, ఒకరికి దొంగతనమునకు లైసెన్సు. నాటి తగవు నేటికిని తీరలేదు.

మన రాజధానిలో 1914లో మద్రాసు వైద్యుల రిజిష్టరీ శాసనము వచ్చినది. పాశ్చాత్యవైద్యము చదివినవారు పట్టికలో చేరిరి. ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యులు వెలుపల నిలిచిరి. పట్టికలో లేనివా రందఱును కపటవైద్యులేయను భావము విద్యావంతులలో బలపడినది. చెన్నపట్టణమున ఆయుర్వేదకళాశాల నడపిన మన తెలుగువాడు, వైద్యరత్న పండిత డి. గోపాలాచార్యులవంటివారు ఈ యపవాదమును జీవితమంతయు నెదుర్కొనిరి. పిమ్మట మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతను, కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి కార్యదర్శిత్వమున ఏర్పడిన సంఘము 1923లో నివేదిక నిచ్చి దేశీయవైద్యమునకు విద్యాలయమును, క్రమమును కోరినది. విద్యనుండి వేషమును వేఱుచేయుటకు జరిగిన యత్నమది. ఆయుర్వేదము వేఱు, ఆయుర్వేదము పేరు చెప్పువాడు వేఱు. ఇంగ్లీషువైద్యమునకును ఇదియే న్యాయము.

సుప్రీంకోర్టువారు 1996 మే 10వ తేది యొక తీర్పులో ఈ పాతమాటలకే శాసనార్థము నిచ్చిరి. బొంబాయిలో హోమియోపతి చదివిన యొకరు జ్వరరోగికి ఇంగ్లీషుమందు లిచ్చిరి, రోగి మరణించెను. ఒక వైద్యపద్ధతిని ఎఱుగకయే ఆ పద్ధతిలో చికిత్సచేయువాడు క్వాక్, అనగా వైద్యజ్ఞానము నటించువాడు, షార్లటన్ అని న్యాయమూర్తులు నిర్వచించి, వితంతువునకు మూడులక్షల రూపాయల పరిహార మిప్పించిరి. ఈ నిర్వచనమున గమనింపదగిన దొకటి కలదు. ఆ చికిత్సకునకు పట్టము లేకపోలేదు. ఉన్న పట్టము వేఱు, చేసిన చికిత్స వేఱు. ఎఱుగనిదానిని ఎఱిగినట్లు చూపుటయే దోషము. న్యాయస్థానము తెలిసియో తెలియకయో చరకుని ఛద్మచరునికడకే వచ్చినది. 2018 ఏప్రిలులో అదే న్యాయస్థానము, గుర్తింపబడిన యర్హత లేని పరంపరవైద్యులకు వృత్తి చేయు హక్కు లేదనియు తీర్పు చెప్పినది.

శిక్షయు పెరిగినది. 1956 శాసనము ప్రకారము పట్టికలో చేరక ఇంగ్లీషువైద్యము చేయువానికి ఏడాదివఱకు ఖైదు, లేదా వేయిరూపాయలవఱకు జుల్మానా, లేదా రెండును. 2019 జాతీయ వైద్యసంఘ శాసనమున ఖైదు ఏడాదియే కాని జుల్మానా అయిదులక్షలవఱకు పోయినది. తిరువళ్ళూరు జిల్లాలో డెంగీజ్వరము ప్రబలినప్పుడెల్ల అర్హతలేని చికిత్సకులను పోలీసులు పట్టుట పత్రికలలో చూచుచున్నాము. జ్వరము తగ్గగానే ఆ వార్తలును తగ్గును. పలకలు మరల లేచును.

కారణమేమి? ఒక చిన్నమాట చరిత్ర దీనిని విప్పి చెప్పగలదు. ఆర్.ఎమ్.పి. అను మూడక్షరములకు మొదటి యర్థము పట్టికలో చేరిన వైద్యుడు. మన తెలుగుజిల్లాలలో నేడు ఆ మూడక్షరములను పలికిన, పట్టికలో చేరని గ్రామచికిత్సకుడని వినువా రనుకొందురు. మాట తలక్రిందైనది. అసలువాడు గ్రామమునకు రానందున అతని పేరు వచ్చినవానికి చేరినది. ఖాళీ కుర్చీలో ఎవరు కూర్చున్నను కుర్చీ పేరు వారిదేయగును.

ప్రపంచారోగ్యసంస్థ 2016లో ప్రకటించిన గ్రంథమున, 2001 జనాభాలెక్కల ననుసరించి, ఇంగ్లీషువైద్యులమని చెప్పుకొన్నవారిలో నూటికి 57మందికి పైగా వైద్యార్హత లేదనియు, నూటికి 31మంది ఉన్నతపాఠశాల చదువు మాత్రమే చదివినవారనియు తేలినది. ఇందఱిని చెఱసాలలో నింపుట యెవరితరము? నింపినను మఱునాడు రోగుల నెవరు చూతురు? పశ్చిమబెంగాలులోని వీర్‌భూమ్ జిల్లాలో ఇట్టి 304మంది చికిత్సకులను గూర్చి జరిగిన పరిశోధనఫలితములు 2016లోనే 'సైన్స్' పత్రికలో వచ్చినవి. తొమ్మిదినెలల శిక్షణ కవకాశము పొందినవారు రోగమును గుర్తించి చక్కబఱచుటలో కొంత మెఱుగుపడిరి. అనవసరపు మందు లిచ్చుట మాత్రము తగ్గలేదు. అజ్ఞానమునకు శిక్షణ మందు. వేషమునకును బేరమునకును అది మందు కాదని దీనివలన నాకు తోచుచున్నది.

ఇచ్చట చరకసుశ్రుతులు చెప్పిన చివరిమాట మనవి చేయవలెను. వారిద్దఱును దుష్టవైద్యుని నిందించి యూరకుండలేదు. ఇట్టివారు దేశమున తిరుగుట రాజుల యేమఱుపాటువలననేయని చరకుడనెను. కువైద్యుడు లోభముచే జనులను చంపుట రాజదోషముచేతనేయని సుశ్రుతుడనెను. ఛద్మచరుడు మొదటి ముద్దాయి. ఏమఱినరాజు రెండవ ముద్దాయి. నేడు రాజు లేడు. ఆ ముద్దాయిస్థానమున ప్రభుత్వమును, ప్రభుత్వమును నడపు మనమును నిలిచియున్నాము.

తిరుత్తణివారికి రాజు మాఱుట క్రొత్తగాదు. 1911లో చిత్తూరుజిల్లా ఏర్పడినప్పుడు అందు చేరిరి. ఆంధ్రరాష్ట్రము వచ్చినప్పుడు అందుండిరి. 1960 ఏప్రిలు 1వ తేదిని సరిహద్దుల సవరణతో మద్రాసురాష్ట్రమునకు వచ్చిరి. ఆ యూరు మాదన్న మాదని ఇరుభాషలవారమును ఎంతయో వాదించితిమి. సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు పుట్టినయూరని మనమును, మురుగన్ కోపము శమించిన తణిగై యని వారును చెప్పుకొంటిమి. కాని ఆ కొండచుట్టునుగల పల్లెలలో రాత్రివేళ జ్వరము వచ్చినవానిని చూచువా డెవడని యెవరు నడిగిరి? సరిహద్దురాయి ఎటు జరిగినను నేతగాని కుమార్తెకు వైద్యుడు దగ్గఱకు జరుగలేదు.

చెన్నపట్టణమున నుద్యోగములలోను, వృత్తులలోను నున్న మనవారు చేయగల పని యొకటి కలదు. పట్టికలో చేరిన వైద్యుడు తన రిజిష్టరు సంఖ్యను చికిత్సాలయమున అందఱకు కనబడునట్లు వ్రాయవలెననియు, మందుచీటిమీదను వేయవలెననియు 2002 నియమములు విధించుచున్నవి. ఆ సంఖ్య అడుగుట అమర్యాద కాదు. మన స్వగ్రామములకు పోయినప్పుడు ఈ సంగతిని నలుగురకు తెలుపుదము. నిజవైద్యుడు సంఖ్య చూపుటకు సంకోచింపడు, ఛద్మచరుడు కోపించును. ఆ కోపమే మొదటి లక్షణము. పేరుపడిన యాసుపత్రి పేరో, గురువు పేరో చెప్పి సంఖ్య దాటవేసినచో రెండవతెగవాడని తెలిసికొనవలెను. మన వైద్యమిత్రులు నెలకొక్క యాదివారము సరిహద్దుపల్లెలకు పోయిరాగలిగిన, ఖాళీకుర్చీ కొన్నిగంటలైనను నిండును.

వృద్ధుని అర్జీ సంగతి చెప్పి ముగించెదను. అందు 'డాక్టరు' అనియు వ్రాయలేదు, 'మోసగాడు' అనియు వ్రాయలేదు. 'వైద్యుడు కాకయే వైద్యునివలె కనబడి చికిత్స చేసినవాడు' అని వ్రాసితిని. చదివి వినిపింపగా వృద్ధుడు, "అది నిజమే" అని వేలిముద్ర వేసెను. పిమ్మట ఆతడు కోరకయే జిల్లా కలెక్టరుగారికి రెండవ కాగితము వ్రాసితిని. ఆ గ్రామమునకు మిక్కిలి దగ్గఱనున్న ప్రభుత్వాసుపత్రిలో రాత్రివేళ వైద్యు డుండునా, ఉండకున్న ఏల యుండడు అని యందడిగితిని. మొదటి కాగితమునకు పోలీసుస్టేషనులో రసీదు దొరకినది. రెండవదానికి ప్రత్యుత్తరము రావలసియున్నది.